సీసా మెడలో ఖాళీ

మా చెరువును కాలువ మింగిందని ఊళ్లో అంటారు. అననీ. ఆ పనిలో నా చెయ్యి కూడా ఉంది. అసలు సంగతి నా భార్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మాది కవితాళ సంతకు నడిచి పోయేంత దూరంలో చిన్న ఊరు. ఊరికి మెరకన మాకొక ఎర్ర చెలక ఉండేది. దానికి సొంత బలం లేదు. ఏటా ఎండాకాలం చెరువు అడుగు తేలగానే నల్ల బురద తవ్వి, బండ్లతో తోలి చల్లితే జొన్న మనిషెత్తు లేచేది. చల్లని ఏడు పంట మేకలకు కూడా ఆనేది కాదు.

కాలువ కోసం కొలతలు మొదలైన రోజులవి. ఇక చెరువుతో పనేముంది, గట్టు తెంపి అడుగంతా వరి మడులు చేద్దామని పైవాళ్లు అనుకుంటున్నారని తెలిసింది. ఆ మడులు ఎవరికి పోతాయో మాకు తెలుసు. మాకు మాత్రం కాదు.

అప్పుడు జీపులో ఒక సారు వచ్చాడు. కోస్తా మనిషి. చెరువుల శాస్త్రం చదివి, ఉత్తరాన చలి దేశాల చెరువుల మీద ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడు. "అక్కడ చలికాలం చెరువంతా గడ్డకట్టేస్తుందయ్యా, పైన బండ్లు నడుస్తాయి" అన్నాడు.

"పొద్దుగాల్నే తాగిండా ఏంది?" అని నా వెనక ఎవరో గొణిగారు.

ఆయన వెతుకుతున్నది ఒక్కటే. వానకు చేలలోంచి ఆకు, పేడ, గడ్డి కొట్టుకొచ్చి చెరువులో పడతాయి కదా, వాటిలోని బొగ్గు ఎటు పోతుందని.

"బొగ్గేంది సారు? మేం చెరువుల బొగ్గులు పోస్తలేం" అన్నాను.

"ఆకు కాలిస్తే ఏం మిగులుతుంది?"

"బొగ్గే."

"అంటే ఆకులో ముందే ఉన్నట్టేగా. చెరువులోకి వచ్చాక అది కొంత బురదలో పడుకుంటుంది. మీ చెలకకు బలం ఇచ్చేది అదే. కొంత నీళ్లలో కరిగి, గాలై పైకి పోతుంది. ఎంత ఉండిపోయిందో, ఎంత పోయిందో తేలితే ఈ చెరువు ఊరికి ఏం పెడుతోందో కాగితం మీద చూపిస్తాను. తెంపొద్దని పైకి రాస్తాను."

ఆ మాట విన్నాక నా మనసు ఆగలేదు. పరీక్షకు సీసాల్లో నీళ్లు పట్టడానికి ఊళ్లో ఒక మనిషి కావాలన్నాడు. "చదవడం వచ్చా?" అని అడిగాడు.

"వచ్చు సారు."

రాదంటే ఆ పని పట్వారి బామ్మర్దికి పోయేది. వాడికి చెరువు ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే.

ఇంట్లో చెబితే నా భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వేం చదువుతవయ్యా! ఎద్దు బొమ్మున్న కాగితాన్ని గూడ తలకిందులు పట్టుకునేటోనివి."

సారు తానే చెరువులోకి దిగి చూపించాడు. సీసాను మోచేతి లోతున ముంచి, నీళ్లలోనే బిరడా బిగించి తీశాడు. ప్రతి సంత రోజూ వాగు దిగే చోట ఒకటి, నడుమ ఒకటి, తూము దగ్గర ఒకటి పట్టమన్నాడు. కోతలయ్యాక అన్నీ ఒకేసారి పరీక్షిస్తానని, చీటీలు అంటించిన సీసాల పెట్టె ఇచ్చి వెళ్లిపోయాడు. నిండినవి తీసుకుపోవడానికి జీపు డ్రైవరు వచ్చేవాడు.

మా ఇళ్లలో చెరువులో ఏ పాత్ర ముంచినా తొలి గుక్కెడు చెరువుకే తిరిగి పోస్తాం. గంగమ్మ వాటా అది. సారు పొయ్యలేదు. పట్నం మనిషి, మరిచిపోయాడనుకున్నాను. ప్రతి సీసా నుంచీ ఒక గుక్కెడు వంచి, దండం పెట్టుకుని, అప్పుడు బిరడా బిగించాను. తొలి వాన నుంచి జొన్న కోతల దాకా ఒక్క సంత కూడా తప్పలేదు.

కోతలయ్యాక సారే వచ్చాడు. చేతిలో ఒక సీసా.

"మెడలో ఈ ఖాళీ ఏంటయ్యా? అన్నింట్లోనూ ఇంతే."

"తొలి గుక్కెడు గంగమ్మది సారు. మీరు మర్చిపోయిండ్రని మీ తరఫున కూడా నేనే పోసిన."

ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "నీళ్లలోని గాలంతా ఆ ఖాళీలోకి వచ్చేసింది. ఒక్క సీసా పనికిరాదు. ప్రతి చీటీ మీదా రాశానే. చదవలేదా?"

నిజం నాలుక మీదికి వచ్చింది. గట్టు మీద పట్వారి బామ్మర్ది నిలబడి వింటున్నాడు.

"చదివిన సారు."

"చదివి కూడా పారబోశావా?"

"మా రివాజు గంతే సారు."

చదవడం రాదని చెప్పి ఉంటే, ముందే చూసుకోనందుకు ఆయన తన తలే కొట్టుకునేవాడు. వచ్చే వానలకు మళ్లీ చేత్తో చూపించేవాడు. నాకు మాత్రం చదువురానివాడు అనిపించుకోవడం కన్నా మొండివాడు అనిపించుకోవడమే నయమనిపించింది.

"చెప్పింది వినని మనిషితో ఇంకో ఏడు గడపలేను" అని సారు జీపెక్కాడు. ఆ సీసా గట్టు మీదే మరిచిపోయాడు. మళ్లీ రాలేదు, ఏ కాగితమూ పైకి పోలేదు.

ఆ ఎండాకాలమే గట్టు తెంపారు. కాలువ వచ్చింది, నీళ్లు మా మెరకకు ఎక్కలేదు. బురద లేని చెలకలో జొన్న రెండేళ్లు చీపురుపుల్లల్లా వచ్చింది. మూడో ఏడు వదిలేసి గోరేబాళ వైపు, కాలువ కింద భూములు కొని వచ్చి స్థిరపడ్డ కోస్తా వాళ్ల క్యాంపుకు వరి నాట్లకు కూలికి పోయాం.

అక్కడ మేం పనిచేసే ఇంటి పెద్దావిడ మనవళ్లకు పలక మీద దిద్దించేది. నేను తొంగి చూస్తుంటే నా చేతిలోనూ ఒక పలక పెట్టింది. "సున్నా చుట్టడానికి ఇంత వణుకేంటయ్యా, నాట్లేసే చెయ్యేగా!" అనేది. అప్పటికి నాకు నలభై దాటింది.

సారు మరిచిపోయిన సీసాలో నా భార్య ఆముదం పోసుకునేది. నూనె ఇంకినా చీటీ ఊడలేదు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక ఒక రోజు దాన్ని వాకిట్లోకి తెచ్చి చదివాను.

"మూతి దాకా నింపు. గాలి బుడగ ఉండకూడదు. అర్థం కాకపోతే అడుగు, తప్పు లేదు."

"ఏం రాసిండు?" అంది నా భార్య, జుట్టు విప్పుకుని ఆముదం కోసం చెయ్యి చాపుతూ. చదివి వినిపించాను.

"అడుగుమన్నడా! ఎవనితోటి చెప్పిండో చూడు, పాపం" అంది. సీసా లాక్కుని నూనె వంపుకుంది.

ఇక్కడ తాగేది కాలువ నీళ్లే. ఆమె ఇప్పటికీ బిందె ముంచి తొలి గుక్కెడు తిరిగి పోస్తుంది. నేను పొయ్యను. మూతి దాకా ముంచుకుని వస్తాను. దారి పొడుగునా ఒలికితే ఒలకనీ.