పై అర, కింది అర

ఎంకపల్లి రోడ్డు పక్కనున్న నా ఎకరాన్ని, ఎక్కువ ఇస్తామని ఇంటికొచ్చినవాళ్లకు కాదని, తక్కువకే కోళ్లఫారం పెట్టేవాడికి అమ్మిన బేరగాణ్ణి నేను. చేవెళ్ల, మొయినాబాద్ మొత్తం గాలించినా నాకు జోడీ దొరకడు. మొన్న మనవరాలు డబ్బున్నవాళ్లను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా అంటారో వరండాలో కూర్చుని బట్టీ పడుతుంటే అదంతా కదిలింది. వెల్-ఆఫ్, వెల్దీ, అఫ్లుయెంట్, లోడెడ్... ‘న్యూ మనీ’ దగ్గరకొచ్చేసరికి నా చేతిలో చాయ్ ఆగిపోయింది.

చేవెళ్లలో మాది బట్టల దుకాణం. గిరాకీ గడప ఎక్కగానే బాపు ముందు చెప్పులు చూసేవాడు, తర్వాత మెడ. ‘పై అర తియ్’ అన్నాడంటే ఉన్నవాళ్లు, ‘కింది అర’ అంటే లేనివాళ్లు. వచ్చినవాళ్లకు అర్థం కాదని మా ధీమా. సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచి, ఆదివారమైతే మొయినాబాద్ దారి నిండా కార్లే తిరిగే రోజుల్లో నేను భూముల బేరాల్లోకి దిగి, ఆ ఇంగ్లీషు మాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరికెంత చెప్పాలో తెలియాలి కదా.

నా ఎకరం వెనక ఫామ్‌హౌస్ కట్టుకున్న సాఫ్ట్‌వేర్ మేనేజరు, ముందున్న నా భూమి కావాలని భార్యతో మా ఇంటికొచ్చాడు. కొత్త గాజుల చేతులతో మా ఆవిడ చాయ్ ఇచ్చింది. ఆ గాజులు చూసి మేనేజరు భార్య అతనితో ‘న్యూ మనీ’ అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ అడిగింది. “ఏమన్నదామె?”

“గాజులు మంచిగున్నయట.”

మేనేజరు రేటు పెంచి మళ్లీ వచ్చాడు. “ఇంకెంత కావాలన్నా?”

“పైసల ఫికర్ లేదు సార్. నాకు కోళ్లంటే పాణం,” అన్నాను.

ఫారం లేచింది. ప్రతి ఆదివారం స్కూటర్ మీద పోయి, గాలి ఎటు వీస్తుందో చూసి, మేనేజరు భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాకే తిరిగొచ్చేవాణ్ణి. అన్నం అంత రుచిగా ఎప్పుడూ లేదు.

“కొత్తగా పైసలొచ్చినోళ్లని అర్థం తాతా. జర ఎక్కిరిస్తూ అంటరు,” అంది మొన్న వరండాలో మనవరాలు, నా చాయ్ ఆగడం చూసి.

బియ్యం చెరుగుతున్న మా ఆవిడ తలెత్తలేదు. “నా గాజులను జూసి ఆమె అన్నది గదే గద.”

“నీకెట్ల ఎరుక?” అన్నాను.

“నవ్వు జూస్తే తెల్వదా? మా అక్క పెండ్లి బట్టలకు మా బాపు నన్ను తోల్కొని మీ దుకాణానికొచ్చిండు. మీ బాపు ‘కింది అర తియ్’ అన్నడు. పక్కన నిలబడి నువ్వు గట్లనే నవ్వినవ్.”

ఇక చివరి లెక్క. మేనేజరు ఫామ్‌హౌస్‌ను లాభానికే అమ్ముకుని పోయాడు. ఫారం వాడు నా ఎకరాన్ని ప్లాట్లు చేసి బాగుపడ్డాడు. కంపు ఎంకపల్లి వాళ్లు పీల్చారు. ఒక నవ్వుకు పగ తీర్చుకోవడానికి నాకు ఎకరం ఖర్చయింది. నా నవ్వును మాత్రం మా ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లూ దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్లకు అది వడ్డీతో ఎంతయి ఉంటుందో, ఇంత బేరగాణ్ణయినా నాకు అడిగే ధైర్యం లేదు.