యూరియా వరుసలో ఇరాన్

అన్న దినకర్మలు ముగిసిన మర్నాడే మెదక్‌లో ఎరువుల గోదాము ముందు యూరియా కోసం వరుసలో నిలబడ్డాను. మా ఊరు కుల్చారంలో ఆయన చివరిసారి వేయించిన వరి పిలకలు వేసే దశలో ఉంది. ఇప్పుడు యూరియా పడకపోతే పంట దెబ్బతింటుంది. వదినకు వేరే ఆధారం లేదు. ఎండకు తాళలేక అందరం చెప్పులను వరుసలో వదిలి నీడకు జరిగాం.

ఇంతలో ఒక నాయకుడు కారు దిగి మాకు ప్రపంచాన్ని వివరించాడు. ఇరాన్‌తో మన వ్యాపారానికి అమెరికా ఆంక్షలు అడ్డొచ్చాయట, యూరియా తెచ్చే ఓడలు ఆగిపోయాయట. అందులో ఎంత నిజమో అతనికీ తెలియదు. ఆంక్షల కింద నలిగే ఒక దేశం అతనికి ఈ పూటకు దొరికిన సాకు, అంతే. అతను మాట్లాడుతుండగానే గోదాము వెనక నుంచి అతని ట్రాక్టరు బస్తాలతో బయటికి వచ్చింది.

"గా బస్తాలకు ఆంక్షలు లేవా, సారూ?" అని నా పక్కనున్న ముసలామె అడిగింది.

"అది పాత స్టాకమ్మా. జర ఓపిక పట్టుండ్రి."

"మేం పడ్తం బిడ్డా. వరి ఆగుతదా?"

కొందరు నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూశాక అతని మీద కోపం కూడా దండగనిపించింది.

మధ్యాహ్నానికి స్టాకు అయిపోయిందన్నారు. ఇంటికి వెళ్ళి దొరకలేదని మాత్రమే చెప్పాను. అమెరికా పేరెత్తడానికి సిగ్గేసింది.

"రేపు నేను గూడ వస్త. ఇద్దరం నిలబడితె ఒక్కలకన్న దొరకదా?" అంది వదిన.

భర్త పోయిన మనిషి అంత త్వరగా గడప దాటకూడదని మా ఇళ్ళలో ఆచారం. ఆమెను ఎవరమూ ఆపలేదు.