రెండో తీగ

మా ఆసుపత్రి కంప్యూటర్ గదికి పెద్దగా ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనంటే నాకు ఒళ్లుమంట. పన్నెండేళ్లు ఆయన కింద పనిచేస్తే ఒక్కసారీ "బాగా చేశావు" అన్న పాపాన పోలేదు. ఏదీ చూస్తే తప్ప నమ్మడు. ఖాళీ లిఫ్టును ఒకసారి పైకి పంపి, అది తిరిగొచ్చాకే ఎక్కే రకం. అందుకే ఆసుపత్రిలో అందరం ఆయన్ని 'అనుమానం సార్' అనేవాళ్లం.

మా ఒక్కో సర్వరుకి రెండు నెట్‌వర్క్ కార్డులుంటాయి. రెంటినీ జతకట్టి ఒకే దారిలా వాడతాం. తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెలు రెండున్నాయి; ఒకదాని తీగ పై స్విచ్‌కి, రెండోదాని తీగ కింది స్విచ్‌కి వెళ్లాలి. ఒక స్విచ్ చచ్చినా రెండోది పని లాగిస్తుంది. సర్వరులో సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్ లాంటి వర్చువల్ మిషన్‌ని ఆపకుండా, నడుస్తుండగానే ఇంకో సర్వరుకి మార్చేటప్పుడు ఆ దారి తెగకూడదు. ఇది నాకూ తెలుసు. ఈయన మాత్రం మార్చే ప్రతిసారీ తీగ వెంట చెయ్యి పెట్టి స్విచ్ దాకా వెళ్లి, ఒకటి పీకి చూసి, మళ్లీ పెట్టి, రెండోది పీకేవాడు. ఆ అరగంటా నేను టార్చి పట్టుకుని నిలబడాలి.

ఆయన సెలవులో ఉన్న రోజు, మేనేజరు తన గది కెమెరాకి కింది స్విచ్‌లో చోటు కావాలన్నాడు. అది నిండిపోయి ఉంది. నేను ల్యాబు సర్వరు రెండో తీగను పీకి, దాన్ని కూడా పై స్విచ్‌లోనే గుచ్చాను. దీపాలు రెండూ వెలిగాయి. చెబితే గంటసేపు క్లాసు పీకుతాడని ఆయనకి చెప్పలేదు.

నాలుగు రోజులకి ఆ సర్వరే వేడెక్కింది. దాని మీద నడిచే ల్యాబు వర్చువల్ మిషన్‌ని వెంటనే వేరేదానికి మార్చాలి.

"మీ పీకుడు కార్యక్రమం ఇవాళ వద్దు సార్. అవతల ఆపరేషన్లు జరుగుతున్నాయి," అన్నాడు మేనేజరు.

"చూడకుండా మార్చను."

"అయితే పక్కకి జరగండి. నువ్వు కానివ్వవోయ్!"

నాకెంత సంబరమో! మార్చే బటన్ నొక్కేశాను. సగంలో పై స్విచ్ బిగుసుకుపోయింది. ల్యాబు మిషన్ బతికే ఉంది, దాని దగ్గరికి దారే లేదు. గంటన్నర రక్తం రిపోర్టులు రాలేదు. మత్తిచ్చిన ఒకావిడను ఆపరేషన్ చేయకుండానే వార్డుకి పంపేశారు.

విచారణలో మేనేజరు నాలుక మడతేశాడు. గది బాధ్యత అంతా పెద్దాయనదే అన్నాడు.

"రెండు తీగలూ ఒకే స్విచ్‌లో ఎవరు పెట్టారు?" అని అడిగారు.

ఆయన నావైపు చూశాడు. ఆ గదిలో పనిచేసేది మేమిద్దరమే. ఆ జీతం మీదే ఆయన ఇల్లు నడుస్తుంది.

"నేను చూడలేదు. చూడనిది చెప్పను," అన్నాడు.

ఆయన్ని తీసేశారు, ఆ కుర్చీ నాకిచ్చారు. అప్పుడూ ఆయన మీదే కోపమొచ్చింది. నా పేరు చెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

నెల తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఈయన ఇంట్లో నోరే విప్పట్లేదు. ఎవరు పెట్టారో తేలితే మళ్లీ తీసుకుంటారట. నువ్వు ఆ గదిలోనే ఉంటావు కదా, ఏమన్నా చూశావా?"

"లేదక్కా," అన్నాను, "నేనేం చూడలేదు."