రైలు రాని స్టేషన్

జాక్లిన్ కోపం నడకలోనే తెలుస్తుంది. బ్యాగు గుండెలకు అదుముకుని, ఎదురుగాలితో పోట్లాడుతున్నట్టు తల వంచి నడుస్తుంది. కాకినాడ నుంచి సిడ్నీకి నర్సింగ్ చదవడానికొచ్చింది. తానుండే పేటలోని పాత ఎర్ర ఇటుకల స్టేషన్ మూసేశాక, హైవే పక్కన అంత దూరం నడిచి బస్సెక్కుతోంది. బస్సు ఆలస్యాల వల్ల హాస్పిటల్ ట్రైనింగ్‌లో ఫెయిలైంది కూడా. స్టేషన్ భవిష్యత్తు మీద మీటింగ్ పెడితే వెళ్లి ముందు వరసలో కూర్చుంది. అధికారి తెరమీద బొమ్మలు చూపించాడు. టికెట్ కౌంటరు ఉన్నచోట కాఫీ షాపు, ప్లాట్‌ఫారం మీద పూలకుండీలు. అందరూ చప్పట్లు కొట్టారు. జాక్లిన్ లేచి రైలెప్పుడొస్తుందని అడిగింది.

"ఆ చారిత్రక కట్టడానికి ఏ హానీ జరగదు," అన్నాడతను.

"నేనడిగింది రైలు గురించి."

పక్క సీట్లో ఉన్న తెలుగు చర్చి పెద్ద ఎలియాజర్ ఆమె చెయ్యి పట్టి లాగాడు. "కూర్చోమ్మా. స్టూడెంట్ వీసా మీదున్నావు, మనకెందుకీ ఇష్యూ?"

"వీసా మీదున్నా బస్సు కోసం అంత దూరం నడిచేది నేనే కదా అంకుల్."

చెయ్యి విడిపించుకుని వెళ్లి తెరకు అడ్డంగా నిలబడింది. కాఫీ షాపు బొమ్మ ఆమె మొహం మీద, చొక్కా మీద పడింది. పక్కకు జరగమన్నారు. రైలు వస్తుందో రాదో చెబితే జరుగుతానంది. చివరికి ప్రొజెక్టరు ఆపేశారు.