టైలర్ పిన్ని అడిగే ప్రశ్న

మా పిన్ని టైలర్. ఒకప్పుడు బతుకు మీద విరక్తి పుట్టి, చావు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషి. అలా వెనక్కొచ్చిన మరికొందరితో కలిసి వీధిలో ఒక జట్టు కట్టింది. ఎవరైనా దిగులుగా కనిపిస్తే చాలు, జట్టు వాళ్ళింట్లో వాలిపోతుంది. డొంకతిరుగుడు పనికిరాదు, మొహమ్మీదే అడగాలన్నది వాళ్ళ పద్ధతి. పిన్నయితే నడుం కొలత అడిగినంత మామూలుగా "చచ్చిపోవాలనుందా?" అంటుంది. ప్యాంటు కురచ చేయించుకోవడానికొచ్చిన ఒక పెద్దమనిషి నిట్టూరిస్తే ఆయన్నీ అలాగే అడిగింది. "లేదమ్మా, మెట్లెక్కి వచ్చాను" అన్నాడు పాపం.

అంత ధైర్యస్తురాలు ఈమధ్య సరిగ్గా ముద్ద మింగడం లేదు. కుట్టిందే విప్పి మళ్ళీ కుడుతోంది. ఒకే ఇంట్లో ఉంటూ కూడా, ఆ ప్రశ్న ఆమెనే అడగడానికి నాకు నోరు పెగల్లేదు. అవునంటే నేనేం చెయ్యను?

ఇంతలో జట్టులోని ఇస్త్రీ బాబాయ్ తన సామాను పంచిపెట్టడం మొదలుపెట్టాడు. రేడియో ఒకరికి, మంచం ఒకరికి, పూలకుండీ పిన్నికి. ఉన్నదంతా పంచేయడం ప్రమాద సూచన అని జట్టుకి కంఠతా వచ్చు. అందరం ఉరుకులు పరుగుల మీద వెళ్ళి ఆయన గదిని ముట్టడించాం. జట్టులోని వంటావిడ ముందుజాగ్రత్తగా ఆయన చేతిలోని ఇస్త్రీపెట్టె లాక్కోబోయి వేలు కాల్చుకుంది.

"చచ్చిపోవాలనుందా?" అంది పిన్ని.

"గది ఖాళీ చేస్తున్నాను వదినా," అన్నాడాయన ఒళ్ళు మండి. "మా అమ్మాయింట్లో నాకే చోటు చాలదు, మంచం ఎక్కడ పెట్టను?"

మేం నాలుక్కరుచుకుని మెల్లగా జారుకోబోయాం. ఆయన మాత్రం పిన్ని వంకే చూస్తున్నాడు.

"ఊరందర్నీ అడుగుతావు. చిక్కి సగమయ్యావు, కళ్ళు లోపలికి పోయాయి. ముందు నువ్వు చెప్పు వదినా. చచ్చిపోవాలనుందా?"

పిన్ని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఉంది," అంది. "కొన్నాళ్ళుగా."

ఎవరూ నీతులు చెప్పలేదు. బాబాయ్ మూటలు పక్కకి నెట్టి ఆమెని కూర్చోబెట్టాడు. "పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం. అందాకా నిన్ను ఒంటరిగా వదలం."

"పొద్దున రెండు ప్యాంట్లు ఇవ్వాలి."

"పాతవే తొడుక్కుంటార్లే," అంది వంటావిడ వేలు ఊదుకుంటూ.

నేను వెళ్ళి పిన్ని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు.

"ఇంట్లోదానివి, నువ్వెందుకు అడగలేదే?" అంది.

"అవునంటావేమోనని భయం పిన్నీ."

"ఇప్పుడు అన్నాను గదా. లేచి పారిపోయావా?"