మెక్‌లారెన్ వేల్‌లో మా చెల్లెలి మొదటి వైన్

మా చెల్లెలు సుజన వైన్ తయారుచేస్తుంది. మొన్నటిదాకా ఈ సంగతి చుట్టాల్లో ఎవరికీ తెలియదు. అడిలైడ్ దగ్గర జ్యూస్ కంపెనీలో పనిచేస్తోందని బాబాయ్ అందరికీ చెప్పిపెట్టాడు. నాన్న పోయాక మా ఇంటికి పెద్ద ఆయనే. ఈ ఏడాది మొదటిసారి ఒక వైన్ మొత్తం సుజన చేతుల మీదుగా తయారైంది. దాన్ని అమ్మకానికి పెట్టే రోజున బాబాయ్ పక్కనుండాలని తన పట్టుదల. నేనుండే వెర్రిబీ ఊరికి ఒంగోలు నుంచి వచ్చి ఉన్న ఆయన్ని ఒప్పించి కారెక్కించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

అడిలైడ్‌కి ఎనిమిది గంటల పైనే పట్టింది. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే దక్షిణంగా ముప్పావుగంట వెళ్తే మెక్‌లారెన్ వేల్. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రం, మధ్యలో ద్రాక్షతోటలు. ఎండ మన ఒంగోలు ఎండే. సాయంత్రం వచ్చే సముద్రపు గాలివల్లే పండులో తీపితోపాటు పులుపూ నిలుస్తుందని సుజన చెప్పింది. తను పనిచేసే చోట వైన్ రుచి చూడటానికి మనిషికి ఇరవై డాలర్లు. సీసా కొంటే ఆ డబ్బు తగ్గిస్తారు.

జన్మలో మందు ముట్టని బాబాయ్, గ్లాసు దూరంగా జరిపి కూర్చున్నాడు. సుజన ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, పక్కనున్న బకెట్‌లో ఉమ్మేసింది.

"ఏమ్మా, పాడైపోయిందా?" అన్నాడాయన కంగారుగా.

"లేదు బాబాయ్. రోజూ ఎన్నో రుచి చూడాలి. మింగితే పనెట్లా జరుగుద్ది? మేమంతా ఇట్లాగే ఉమ్మేస్తాం."

పిల్లకి తాగుడు అలవాటైందేమోనన్నదే ఇన్నాళ్లూ ఆయన భయం. ఆ మాట విన్నాక బకెట్ తనవైపు లాక్కుని, గ్లాసులోది కొంచెం నోట్లో పోసుకుని, పులుసులో ఉప్పు చూసినంత శ్రద్ధగా రుచి చూసి ఉమ్మేశాడు. నేరేడుపండు తిన్నట్టు నోరు పట్టేసిందన్నాడు. ఆ వగరు కోసమే, పులిసేటప్పుడు పైకి తేలే తొక్కల్ని రోజూ రసంలోకి అణచిందట సుజన. ఆ మాట చెబుతుంటే తన మొహం వెలిగిపోయింది.

పరాయి నేల మీది ఎండనీ గాలినీ అర్థం చేసుకుని ఒక రుచిని తీసుకొచ్చిన పిల్ల మా ఇంటిది. నాకు చాలా గర్వంగా ఉంది, దాచుకోవడం నావల్ల కాదు. మీరూ వెళ్తే, కారు నడిపేవాళ్లు ఆ బకెట్ అడగడానికి మొహమాటపడకండి. అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

తిరుగుదారిలో ఒంగోలు నుంచి మేనత్త ఫోన్ చేసి, జ్యూస్ కంపెనీ చూశారా అని అడిగింది. బాబాయ్ ఒళ్లో ఉన్న సీసాని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"జ్యూస్ కాదమ్మా, వైను. మన సుజన చేసింది. సీసా మీద మన ఇంటిపేరుంది. అందరికీ చెప్పు."