హజరత్ వలి కుడికాలు

డోన్ చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి కుదిరిందంటే ముందు పురోహితుణ్ణి పిలిచేవారో, దూదేకుల హజరత్ వలిని పిలిచేవారో చెప్పడం కష్టం. పరుపు ఆయన ఏకిందే కావాలి. భుజాన దూది ఏకే విల్లు, చేతిలో నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు చిన్న చెంబు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పలకరింపు. ఏ ఊళ్లో ఉన్నా వేళకు నమాజు తప్పలేదు. ఏ ఊరి నుంచి వచ్చినా నలుగురు బిడ్డలకూ నాలుగు బెల్లపుముక్కలు మరవలేదు. పెళ్లాం మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఇది చిన్న సంగతనుకోకండి, ఆ రోజుల్లో అలాంటి మగవాణ్ణి వెతుక్కోవాల్సి వచ్చేది.

పెళ్లాం మాబూబీకి ఆయన మీద ఒకటే కోపం. పెద్దవంకపల్లె పీర్లపండగలో పెద్దపీరును ఎత్తేది ఆయనే. పదోనాటి పొద్దున పీరుతో నిప్పులగుండం తొక్కి, పీరును చావిడి చూసుకునే ముజావర్ చేతికిచ్చి, ఇంటి ముఖం చూడకుండా స్నేహితుడు సుంకన్న ఎద్దులబండి ఎక్కి ఊళ్ల మీద పనికి పోయేవాడు. పదిహేను దినాలకు గాని వచ్చేవాడు కాదు. పండగపూట ఇంట్లో రెండు ముద్దలు తినని మొగుడు నాకొక్కదానికే దొరికాడని ఆమె సణుగుతుంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మాబూబీ పిరికిది. కుక్క ఏడిస్తే చాలు, లేచి బిడ్డల్ని తడిమి చూసుకునేది. పందొమ్మిదివందల పద్దెనిమిదిలో మాత్రం ఊరంతా ఆమెలాగే అయిపోయింది. వానలు ఎగ్గొట్టాయి. జొన్నచేలు మోకాలెత్తునే మాడిపోయాయి. పైగా పేరు తెలియని జ్వరం వచ్చిపడింది. పొద్దున నాగలి పట్టినవాడు మరునాటికి పాడె ఎక్కేవాడు. జ్వరం తగిలిన ఇంటికి ఊరు ముళ్లకంప కొట్టసాగింది, లోపలివాళ్లు బయటికి రాకుండా. మొదట ఉరుకుందు అనే రైతు ఇంటికి కొట్టారు. నీళ్లు, నీళ్లు అని ఆ ఇంట్లోంచి మూడు దినాలు కేకలు వినబడ్డాయి. నాలుగో దినం వినబడలేదు. ఆ కేకలు విని కూడా కుండెడు నీళ్లు తీసుకుపోలేకపోయానని మాబూబీ బతికినన్నాళ్లూ కుమిలింది.

అంతలో పండగ వచ్చింది. పీరు ఎత్తేవాడు ఆ పది దినాలూ పీర్ల చావిడిలోనే ఉండాలి, నేల మీద పడుకోవాలి, చావు జరిగిన ఇంటి గడప తొక్కరాదు. ఊరి పెద్ద తిమ్మన్న చావిడి ముందు నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"ఈ తూరి పీరెత్తినోని కాళ్లు కాలినాయంటే వాడు మైలపడినట్టే. ఊరికి వచ్చిన కీడంతా వానిదే. వాని ఇంటికీ కంప కొడతాం."

ఏడోనాడు మిట్టమధ్యాహ్నం మాబూబీ కొత్తగా కుట్టిన పరుపుగుడ్డ కోసం వెతికితే అది ఇంట్లో లేదు. చావిడిలో ఉండాల్సిన మొగుడు పెరటివైపు నుంచి వచ్చాడు. మోచేతుల దాకా మన్ను. అడగకముందే సంగతి చెప్పాడు. మంత్రసాని గిడ్డమ్మ తెల్లవారి పోయిందట. కొడుకు అయ్యన్న జ్వరంతో లేవలేక పడి ఉన్నాడట. శవాన్ని ముట్టే దిక్కు లేదు. ఎండకు జనం తలుపులు వేసుకున్న వేళ చూసి, హజరత్ వలి గిడ్డమ్మను పరుపుగుడ్డలో చుట్టి, భుజాన వేసుకుపోయి, వంక ఒడ్డున గుంత తీసి పూడ్చి వచ్చాడు.

"నువ్వు పీరెత్తేవానివి గదయ్యా. ఆ గడప యాల తొక్కినావు?" అంది మాబూబీ.

"మన బిడ్డలు నలుగుర్నీ భూమ్మీదికి తెచ్చిన చేతులు అవి. కుక్కలకు ఇడిసిపెట్టమంటావా?"

"మరి గుండం?"

"తొక్కుతా. పైనోడు చూస్తాండాడు."

చూస్తున్నాడనే కదా ఆమె భయం. ఆ మూడు దినాలూ మాబూబీ నీళ్లకు పోతూ వస్తూ చావిడి గోడకు ఆనించిన కంపమోపుల్ని చూసేది. అవి తమ ఇంటి కోసమే కొట్టి తెచ్చినట్టు అనిపించేది. నలుగురు బిడ్డలు లోపల నీళ్లకని అరుస్తుంటే తాను వినాల్సి వస్తుందేమోనని భయపడేది. జ్వరమని చెప్పి పడుకోమని మొగుణ్ణి బతిమాలింది. జ్వరమంటే ఈ పూటే కంప కొడతారే పిచ్చిదానా అన్నాడాయన. అదీ నిజమే.

పదోనాడు పొద్దు పొడిచింది. గుండంలో నిప్పులు కణకణమంటున్నాయి. ఆడవాళ్లు వరసగా వచ్చి పీరు ముందు కడవలతో నీళ్లు పోశారు. అది మొక్కు. ఏటా చేసినట్టే సుంకన్న కిందికి వంగి తన పైగుడ్డతో హజరత్ వలి పాదాలు శుభ్రంగా తుడిచి లేచాడు. డప్పులు ఊపందుకున్నాయి.

అప్పుడు మాబూబీ జనాన్ని తోసుకుని వచ్చింది. చల్లటి నీళ్లు తగిలితే కాలు నిప్పును కాస్తయినా ఓర్చుకుంటుందని తెల్లవారి నుంచీ కడవ చంకన పెట్టుకుని కాచుకుని ఉంది. కడవెడు నీళ్లూ మొగుడి పాదాల మీద గుమ్మరించింది. సుంకన్న మళ్లీ వంగబోయాడు గాని వెనక జనం తోసేశారు. హజరత్ వలి పెళ్లాం వైపు ఒక్కసారి చూసి, నిప్పుల్లోకి దిగాడు.

మూడుసార్లు తొక్కాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. తిమ్మన్న కళ్లన్నీ ఆ కాళ్ల మీదే ఉన్నాయి. పీరును ముజావర్ చేతికిచ్చి, ఎప్పటిలాగే నడుచుకుంటూ పోయి బండి ఎక్కాడు. మాబూబీ ఊపిరి పీల్చుకుంది. కానీ ఆమెకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. అడ్డదారిన పరుగెత్తి వంక దగ్గర బండిని అందుకుంది. కుడి అరికాలి తోలు ఊడి వేలాడుతోంది.

ఆమె నోరు కొట్టుకుని ఏడవబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ప్రతేడూ కాలుతాదే. నిప్పు కాలకుండా ఉంటాదా? మానేదాకా సుంకన్న చేని గుడిసెలో పండుకుంటాండా. ఈ తూరి రవ్వంత ఎక్కువ, అంతే."

మాబూబీ ఆ మాట నమ్మలేదు. తనకు ధైర్యం చెప్పడానికే అంటున్నాడనుకుంది. కాలు మీద బండిచక్రం ఎక్కిందని ఊరికి చెప్పారు. మరుసటేడు నుంచి పీరును వేరేవాళ్లు ఎత్తారు. కుంటికాలితోనే హజరత్ వలి ఊళ్లు తిరిగాడు, పరుపులు ఏకాడు, నలుగురు బిడ్డల పెళ్లిళ్లూ చేశాడు. సాయంత్రం ఇంటికి చేరి కాలు చాపేవాడు. మాబూబీ ఆముదం రాసేది. నీ చెయ్యి పడితే గాని నొప్పి తగ్గదే అనేవాడు.

భయం మాత్రం ఆమెను వదల్లేదు. ఏ బిడ్డకు ఒళ్లు వెచ్చబడినా, గిడ్డమ్మ గడప తొక్కిన పాపమే అనేది. ఆయన కాదులే అనేవాడు. అంతకుమించి ఒక్కమాట పెంచేవాడు కాదు.

పందొమ్మిదివందల నలభై ఆరులో హజరత్ వలి కన్నుమూశాడు. పోయినవాళ్ల పేర నలభయ్యోనాడు చదివించే ఫాతెహాకు ముసలి సుంకన్న కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ పూటే మనవరాలికి జ్వరం తగిలింది. మాబూబీ తడిగుడ్డ వేస్తూ పాతపాటే ఎత్తుకుంది.

"శవాన్ని ముట్టి గుండం తొక్కినాడు. దేవుడు ఆయన్ని కాల్చినాడు. ఇంగా మా ఇంటిని ఇడిసిపెట్టలేదు సుంకన్నా."

సుంకన్న కర్ర పక్కన పెట్టి ఆమె దగ్గరికి జరిగాడు.

"ఆ మాట అనొద్దమ్మా. ఆయన చేసినదాంట్లో అంత మంచిపని ఇంగోటి లేదు. పొడికాలికి నిప్పు అంటదు, అంటినా పొక్కుతో పోతాది. తడికాలికైతే నిప్పుకణికె అతుక్కుంటాది. అందుకే గదా ప్రతేడూ నేను తుడిచేది. ఆ ఏడు తుడిచినాక నువ్వు నీళ్లు పోసినావు."

మాబూబీ చేతిలోని తడిగుడ్డ నీళ్లు కారుతూ అలాగే ఉండిపోయింది.

"ఆయనకు తెలుసునా?"

"తెలీకేమి? బండెక్కంగానే నాతో ఒట్టు ఏపిచ్చుకున్నాడు. అది పిరికిది, తెలిస్తే బతకదు అన్నాడు. నువ్వు ఆయన పుణ్యాన్ని పాపమంటాంటే ఇనలేక ఒట్టు తప్పినా."

సుంకన్న వెళ్లిపోయాడు. సాయంత్రమైంది. మంచం కింద ఆముదం గిన్నె ఇంకా అక్కడే ఉంది. మాబూబీ దాన్ని ముందుకు లాక్కుని, అలవాటు కొద్దీ అరచేతిలో కాస్త ఒంపుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు, ఏ చెయ్యి తన కాలు కాల్చిందో తెలిసీ, రోజూ ఆ చేతి ముందే కాలు చాపి, నీ చెయ్యి పడితే గాని నొప్పి తగ్గదే అన్నాడు.